రాతప్రతికి తొలి విమర్శకుడెవరు?

పుస్తకం వెలువడిన తర్వాతనే దాని మీద విమర్శ మొదలవుతుందని మనం అనుకుంటాం. ఇది సగం నిజం మాత్రమే. రాతప్రతి రచయిత చేతి నుంచి ప్రచురణకర్త బల్ల మీదికి చేరిన రోజునే మొదటి తీర్పు మొదలవుతుంది. ఏది అచ్చు కావాలి, ఏ రూపంలో కావాలి, ఎవరి డబ్బుతో కావాలి అన్న ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. సమీక్షకుడి చేతికి వచ్చేది ఆ తీర్పు దాటి బయటపడ్డ పుస్తకమే. సాహిత్యానికి భౌతిక పునాది ఉందని ఒప్పుకునే మనం, కథలోని భూస్వామిని విశ్లేషించినంత శ్రద్ధగా ఈ దశను ఎందుకు విశ్లేషించడం లేదు?

పెద్ద సంస్థ లాభం చూస్తుంది, చిన్న సంస్థ సాహిత్యం చూస్తుంది అనే సులభమైన విభజన ఒకటి మనలో స్థిరపడింది. అది ఎంతవరకు నిలుస్తుందో ఒక నవల చరిత్రలో చూద్దాం.

ముల్క్ రాజ్ ఆనంద్ నవల 'అన్‌టచబుల్' 1935లో లండన్‌లో వెలువడింది. పాకీపని చేసే బఖా అనే యువకుడి జీవితంలో ఒక్క రోజు అందులోని కథ. ఆనంద్‌కు ప్రచురణరంగం తెలియనిది కాదు. వర్జీనియా, లెనార్డ్ వుల్ఫ్‌లు 1917లో చేతి యంత్రంతో మొదలుపెట్టిన హోగార్త్ ప్రెస్‌లో ఆయన ప్రూఫులు దిద్దాడు. అయినా పంతొమ్మిది మంది ప్రచురణకర్తలు ఆ రాతప్రతిని తిప్పి పంపారు. ఇరవయ్యో చోట, విషార్ట్ బుక్స్ అనే చిన్న వామపక్ష సంస్థ, తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆ మరుసటి సంవత్సరమే మార్టిన్ లారెన్స్‌తో కలిసి 'లారెన్స్ అండ్ విషార్ట్'గా మారిన సంస్థ అది. అయితే ఒప్పుకోలుకు ఒక షరతు ఉంది: ఇ.ఎం. ఫార్‌స్టర్ ముందుమాట రాయాలి. మలమూత్రాల ప్రస్తావన ఉన్న పుస్తకాన్ని పాఠకులు 'మురికి పుస్తకం' అంటారేమోననే భయానికి ఆ పెద్దమనిషి పేరు డాలు కావాలి. ఫార్‌స్టర్ రాశాడు. పుస్తకం వచ్చింది.

సాధారణంగా ఈ కథను రచయిత పట్టుదలకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. అసలు గమనించవలసింది ఆ షరతు. దళితుడి జీవితం ఇంగ్లీషు పాఠకుడి ఇంట్లో అడుగు పెట్టడానికి ఒక ఇంగ్లీషు రచయిత హామీ సంతకం పెట్టవలసి వచ్చింది. బఖా గుడి మెట్ల దగ్గర ఎదుర్కొన్న పరిస్థితినే అతని కథ ప్రచురణ సంస్థ గడప దగ్గర ఎదుర్కొంది. ఆ షరతు పెట్టింది మార్కెట్ దేవుణ్ణి కొలిచే పెద్ద సంస్థ కాదు, భావాల రీత్యా రచయితకు దగ్గరైన చిన్న సంస్థ. దీన్ని పిరికితనం అని కొట్టిపారేయడం తేలిక. కాని పెద్ద సంస్థ ఒక పుస్తకంలో పోయిన డబ్బును మరో పది పుస్తకాల్లో రాబట్టుకుంటుంది. చిన్న సంస్థకు ఒక్క పుస్తకం దెబ్బ తింటే తర్వాతి పుస్తకానికి కాగితం ఉండదు. చిన్న ప్రచురణకర్త జాగ్రత్తకు కారణం అతని మనస్తత్వంలో కన్న అతని పెట్టుబడిలో ఎక్కువ ఉంది. మార్కెట్‌ను వ్యతిరేకించేవాడు కూడా మార్కెట్ లోపలే నిలబడి వ్యతిరేకించాలి. రాతప్రతి పట్టుకుని వెళ్ళే రచయిత ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం ఇది.

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఆ రాతప్రతి ప్రచురణకర్తల దగ్గరికి వెళ్ళకముందే ఒక పాఠకుణ్ణి ఎదుర్కొంది. ఆనంద్ దాన్ని సబర్మతికి తీసుకెళ్ళి గాంధీకి వినిపించాడు. బఖా లండన్ బ్లూమ్స్‌బరీ మేధావిలా ఆలోచిస్తూ కలలు కనే భాగాలు తీసేయమని గాంధీ సలహా ఇచ్చాడనీ, తాను వంద పేజీలకు పైగా కొట్టేశాననీ ఆనంద్ తర్వాత స్వయంగా రాసుకున్నాడు. అంటరానితనం మీద గాంధీ పరిష్కారాలతో మనకు పేచీ ఉండవచ్చు. కాని ఆ సలహా సాహిత్య విమర్శగా అక్షరాలా సరైనది. పాత్ర తలలో ఎవరి ఆలోచన నడుస్తున్నది అన్న ప్రశ్న వస్తువుకూ చెందింది, శిల్పానికీ చెందింది. శ్రామికుడి నోట మధ్యతరగతి రచయిత మాట్లాడితే, ఆ మాట ఎంత విప్లవాత్మకమైనదైనా, శ్రామికుడికి నోరు లేకుండా చేసినట్లే.

ఆ విమర్శ నవల చివరిదాకా సాగి ఉంటే బాగుండేది. చివరి భాగంలో బఖా ముందు మూడు పరిష్కారాలు వరసగా నిలబడతాయి: సాల్వేషన్ ఆర్మీ కర్నల్ చెప్పే క్రీస్తు, సభలో గాంధీ ఉపన్యాసం, నీళ్ళతో శుభ్రపడే కొత్త పాయిఖానా యంత్రం గురించి ఒక కవి చెప్పే మాటలు. అంతవరకు దెబ్బ తిని, కోపం తెచ్చుకుని, సిగ్గుపడి, ఆకలితో తిరిగిన మనిషి అక్కడ శ్రోతగా మారిపోతాడు. ఆ ముందుమాట పుస్తకాన్ని 'మురికి' అనే మాట నుంచి కాపాడగలిగింది గాని, ఈ లోపం నుంచి కాపాడలేకపోయింది. కాపాడగలిగింది రాతప్రతిని వాక్యం వెంట వాక్యం చదివే మనిషి మాత్రమే.

తెలుగులో ఈ చరిత్ర వేరే దారి తొక్కింది. అంటరానితనం మీద మన పెద్ద నవల 'మాలపల్లి' ఆనంద్ నవలకు పదమూడేళ్ళ ముందే, 1922లో అచ్చయింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ఆ నవలను బెల్లంకొండ రాఘవరావు ప్రచురించాడు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అక్కడ ప్రచురణకర్త రచయితతో కలిసి ఉద్యమ ప్రమాదంలో భాగం పంచుకున్నాడు. 'మహాప్రస్థానం' సంగతి చూడండి. చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. మచిలీపట్నం నుంచి నళినీకుమార్ పుస్తకంగా తెచ్చింది 1950లో. ఒక యుగాన్ని కదిలించిన కవిత్వానికి ముందుమాట సిద్ధమయ్యాక కూడా పుస్తకరూపం రావడానికి పదేళ్ళు పట్టింది. ఇక్కడా తొలి పాఠకుడు ప్రచురణకర్త కన్న ముందే వచ్చాడు. విషార్ట్ సంస్థ ఫార్‌స్టర్‌ను అడిగింది రక్షణ కోసం. చలం చేసింది చదవడం.

ఆ తర్వాత దిగంబర కవులు 1965, 1966, 1968లలో మూడు సంపుటాలు తామే తెచ్చుకున్నారు. అది ప్రచురణ వ్యవస్థ మీదే తిరుగుబాటు. ఆరుగురు ఒక గుంపుగా నిలబడ్డారు కాబట్టి ఒకరి రాతకు మరొకరి చూపు కాపలా ఉంది. ఈ తేడా మరిచిపోయి, సొంత డబ్బుతో అచ్చు వేసుకోవడమే ప్రత్యామ్నాయ ప్రచురణ అని మనం అనుకోవడం మొదలుపెట్టాక చిక్కు వచ్చింది.

ఇవాళ తెలుగు కవి, కథకుడు చాలావరకు తన పుస్తకానికి తానే పెట్టుబడిదారు. జీతంలోంచి మిగిల్చిన డబ్బు డి.టి.పి.కి, కాగితానికి, అచ్చుకూలికి, ఆవిష్కరణ సభకు పోతుంది. పుస్తకం మీద ప్రచురణ సంస్థ పేరుంటే అది తరచు అప్పు తెచ్చుకున్న పేరే. ప్రతులు మంచం కింద చేరతాయి. మిగిలినవి మిత్రులకు పంచుతాడు. చేతితో అక్షరాలు పేర్చే రోజుల్లో ఒక పేజీ మార్చాలంటే శ్రమ, ఖర్చు. అందువల్ల కొంతైనా ముందే ఆలోచించేవారు. ఇప్పుడు యాభై ప్రతులు కావాలన్నా అచ్చు వేసి ఇస్తారు. డబ్బు అడ్డంకి తగ్గింది. ఇది మంచిదే. గ్రామం నుంచి, వెలివాడ నుంచి రాసేవాడికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పోవడం చిన్న విషయం కాదు. కాని అడ్డంకితో పాటు పాఠకుడూ తొలగిపోయాడు. రాతప్రతిని చదివి, ఈ ఏడో కథ తీసెయ్యండి, ఈ ముగింపు మీరు నమ్మి రాసింది కాదు అని చెప్పే మనిషి ఎక్కడా లేడు. సమీక్షకుడి దగ్గరికి వచ్చేసరికి డబ్బు ఖర్చయిపోయింది, సభ జరిగిపోయింది. అతనికి మిగిలింది మర్యాద. అభ్యుదయ శిబిరంలోనైతే ఆ మర్యాదకు ఒక సిద్ధాంతం కూడా దొరికింది: "వస్తువు మంచిదే కదా!"

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, ప్రచురణకర్త దిద్దుబాటు సెన్సారుకు మరో పేరు అని. తీసెయ్యమని చెప్పి కారణం చెప్పకపోతే అది సెన్సారే. కారణం చెప్పి, రచయితకు కాదనే హక్కు ఉంచితే అది విమర్శ. రెండోది, చిన్న సంస్థకు అంత తీరిక, అంత మంది మనుషులు ఎక్కడున్నారని. నిజమే. కాని ఏడాదికి పది పుస్తకాలు చదవకుండా తెచ్చేదానికన్న నాలుగు పుస్తకాలు చదివి తెచ్చేది తక్కువ శ్రమ. చిన్నతనం వల్ల వచ్చే ఒకే ఒక లాభం అది. దాన్ని వదులుకున్న చిన్న సంస్థకు పెద్ద సంస్థ నష్టాలన్నీ ఉంటాయి, బలం ఏదీ ఉండదు.

కాబట్టి ఇద్దరి మీదా బాధ్యత ఉంది. ప్రచురణకర్త ఏం చేస్తున్నాడో ముందే ప్రకటించాలి: ఏ రకం పుస్తకాలు తీసుకుంటాడు, ఎన్ని నెలల్లో జవాబిస్తాడు, ఎన్ని ప్రతులు వేస్తాడు, రచయితకు ఏం ఇస్తాడు. రచయిత దగ్గరే డబ్బు తీసుకునేటట్లయితే ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే చెప్పాలి. తిప్పి పంపితే నాలుగు వాక్యాల్లోనైనా కారణం రాయాలి. నెలల తరబడి మౌనం తిరస్కారం కన్న అవమానకరం.

రచయిత కూడా ఆ సంస్థ తెచ్చిన పుస్తకాలు నాలుగైనా చదివి పంపాలి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'రూట్స్'ను సహవాసి చేత 'ఏడు తరాలు'గా తెచ్చినప్పుడు, తాను ఎటు నిలబడిందో ఆ ఎంపికతోనే చెప్పింది. అలాంటి జాబితా చదవడం ఒక సాహిత్య చర్చలో పాల్గొనడమే. శుభ్రమైన ప్రతి, ఏ రచన ఏ పత్రికలో వచ్చిందో వివరం, మరెవరికైనా పంపి ఉంటే ఆ మాట — ఇవి అవతలివాడి శ్రమకు ఇచ్చే గౌరవం. తిరస్కారం వస్తే దాన్ని వెంటనే కుట్రగానో, వర్గశత్రుత్వంగానో లెక్క వేసుకోకూడదు. కొన్నిసార్లు అది నిజంగా అలాంటిదే. బఖా విషయంలో పంతొమ్మిది సార్లు జరిగినదాన్ని అభిరుచి భేదం అని సరిపెట్టుకోలేం. చాలాసార్లు మాత్రం కథ ఇంకా పూర్తి కాలేదనే దాని అర్థం. ఏది ఏదో తేల్చుకోవడానికి కారణం రాసిన ఆ నాలుగు వాక్యాలు కావాలి.

రచయితల సంఘాలు ఈ పనిలో కొంత తమ మీద వేసుకోవచ్చు. ఆవిష్కరణ సభకు నలుగురు వక్తలను పిలిచే బదులు, ఆర్నెల్ల ముందు అదే నలుగురికి రాతప్రతి పంచి, ఒక పూట కూర్చుని గట్టిగా మాట్లాడుకుంటే చాలు. వేదిక మీద చెప్పే పొగడ్త పుస్తకంలో ఒక్క అక్షరాన్ని కూడా మార్చదు. అచ్చుకు ముందు చెప్పే కఠినమైన మాట మార్చగలదు.