కామిక్స్‌లో కర్తృత్వం: స్టాన్ లీ, జాక్ కిర్బీల జంట కృషి – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఉమ్మడి రచన తెలుగు విమర్శకు కొత్త విషయం కాదు. నంది మల్లయ, ఘంట సింగనల నుంచి తిరుపతి వేంకట కవుల వరకు జంటకవుల సంప్రదాయం మనకు సుపరిచితమే. అయితే అక్కడ ఇద్దరి సాధనమూ భాషే. ఒకరు మాటతో, మరొకరు రేఖతో ఒకే కథను చెప్పినప్పుడు కర్తృత్వాన్ని నిర్ణయించడం ఎలా? అమెరికన్ కామిక్స్ చరిత్రలో ఈ ప్రశ్నను తీవ్రంగా ముందుకు తెచ్చిన జంట స్టాన్ లీ (1922–2018), జాక్ కిర్బీ (1917–1994). 1961లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’తో మొదలై, 1970లో కిర్బీ మార్వెల్ సంస్థను వీడేవరకు సాగిన వీరి కృషిలో హల్క్, ఎక్స్‌మెన్, బ్లాక్ పాంథర్ వంటి పాత్రలు రూపొందాయి. ‘రచన లీ, చిత్రాలు కిర్బీ’ అన్న ముద్రిత విభజన ఈ కృషి స్వభావాన్ని మరుగుపరిచిందన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

మార్వెల్ పద్ధతి

సాధారణంగా కామిక్స్ రచయిత ప్రతి గడిలోని దృశ్యాన్నీ సంభాషణనూ ముందే రాసి చిత్రకారునికి అందిస్తాడు. సంపాదకునిగా ఏకకాలంలో అనేక పత్రికల భారం మోసిన లీ వేరొక విధానాన్ని అనుసరించాడు. కథాంశాన్ని క్లుప్తంగా చర్చించుకున్న తరువాత చిత్రకారుడు దానిని పుటలుగా, గడులుగా విభజించి గీసేవాడు. పూర్తయిన బొమ్మలకు లీ సంభాషణలు సమకూర్చేవాడు. కిర్బీ మూలచిత్రాల అంచులలో సన్నివేశాన్ని వివరిస్తూ రాసుకున్న పెన్సిల్ సూచనలు నేటికీ కనిపిస్తాయి. ఇతివృత్తాన్ని నాట్యశరీరంగా భావించిన భరతుని దృష్టితో చూస్తే, ఈ పద్ధతిలో కథాశరీర నిర్మాణం చాలావరకు చిత్రకారునిదే అవుతుంది.

సిల్వర్ సర్ఫర్: ఒక పాత్ర, రెండు గతాలు

1966లో వెలువడిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 48–50 సంచికలు ఇందుకు స్పష్టమైన నిదర్శనం. గ్రహాలను ఆహారంగా స్వీకరించే గలాక్టస్ భూమిపైకి రావడం అందులోని కథ. అతనికి ముందు నడిచే దూతగా సిల్వర్ సర్ఫర్‌ను కిర్బీ తనంతట తానే చిత్రించాడు. చర్చలో లేని ఆ పాత్రను గీసిన పుటలలోనే మొదటిసారి చూశానని లీ స్వయంగా అంగీకరించాడు. అద్దంలా మెరిసే ఆ దేహానికి దేశమూ వంశమూ సూచించే గుర్తు ఏదీ లేదు. లీ దానికి విషాదగంభీరమైన వాక్కును ఇచ్చాడు. అంధురాలైన శిల్పి ఎలీషియా సమక్షంలో, కరుణ ఎరుగని ఆ దూత తొలిసారిగా కరుణను నేర్చుకుంటాడు.

1968లో లీ ఈ పాత్రకు ప్రత్యేక పత్రికను ప్రారంభించి, చిత్రరచనను జాన్ బుసెమాకు అప్పగించాడు. అందులో సర్ఫర్ పూర్వం నోరిన్ రాడ్ అనే మానవసదృశుడు. తన గ్రహాన్ని కాపాడుకోవడానికి దాస్యాన్ని వరించిన త్యాగి. ఈ గతాన్ని అంగీకరిస్తే ఎలీషియా సన్నివేశం అర్థమే మారిపోతుంది. అక్కడ జరిగింది కరుణోదయం కాదు, మరచిన కరుణ స్ఫురణకు రావడం మాత్రమే. చిత్రకారుడు తప్పుకోగానే పాత్ర తత్త్వం మారిందంటే, అతని పాత్ర కేవలం అలంకరణ కాదని తేలుతుంది.

ప్రతివాదం

అయితే లీ పాత్రను పూర్తిగా నిరాకరించడమూ సమంజసం కాదు. కిర్బీ 1990 నాటి ఒక సంభాషణలో సృష్టి అంతా తనదేనన్న ధోరణిలో మాట్లాడాడు. కానీ 1971లో డీసీ సంస్థలో ఆయన ఒక్కడే రాసి గీసిన ‘న్యూ గాడ్స్’ను పోల్చి చూడాలి. పౌరాణిక విస్తృతి అందులో తగ్గలేదు. సంభాషణలు మాత్రం బిగుసుకుపోయి ప్రకటనల్లా వినిపిస్తాయి. ‘ఫెంటాస్టిక్ ఫోర్’లోని కుటుంబ కలహాలు, ఆత్మపరిహాసం, పాఠకునితో చనువు ఎవరి చలవో ఈ లేమియే చెబుతుంది.

ముగింపు

కిర్బీ వారసులు కోరిన హక్కులపై సాగిన వ్యాజ్యంలో 2013లో అప్పీలు న్యాయస్థానం మార్వెల్ పక్షాన నిలిచింది. 2014లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. పని ఎవరు చేయించారన్నది చట్టం అడిగిన ప్రశ్న. కథ ఎక్కడ, ఎవరి చేతిలో రూపుదిద్దుకున్నదన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. కర్తృత్వాన్ని కల్పన, కథన విభజన, వాక్కు అనే దశలుగా విడదీసి పరిశీలిస్తేనే దీనికి సమాధానం దొరుకుతుంది. తెలుగులో ‘బుడుగు’ను చదివేటప్పుడు కూడా ఈ పద్ధతి ఉపకరిస్తుంది. ముళ్లపూడి వెంకటరమణ మాట మన చెవిలో పలుకుతున్నప్పుడు కంటి ముందు నిలిచే పిల్లవాడు బాపు రేఖలోని వాడే. ఆ రేఖను రచనకు అనుబంధంగా కాక, రచనలో భాగంగా చదవడం అవసరం.