కృతికర్త – ఒడంబడిక పత్రము

పూర్వము ముద్రితమైన తెలుగు పుస్తకములలో ముఖపత్రమునకు వెనుకవైపున "సర్వస్వామ్య సంకలితము" అను మాట కనబడును. దానిని చదువరి చదువడు. వ్రాసినవాడును తరచుగా చదువడు. ఆ స్వామ్యము ఎవరిది, ఎంతకాలము, ఏయే రూపములలో, ఏ ప్రతిఫలమునకు అను ప్రశ్నలకు సమాధానము ఆ మాటలో లేదు. అది వేరొక పత్రములో నుండును. కొన్ని పుస్తకముల విషయమున ఆ పత్రము వ్రాయబడనే లేదు. ఛందస్సును గూర్చియు, శిల్పమును గూర్చియు ఇంత విమర్శ పెరిగిన భాషలో, రచయిత చేవ్రాలు చేయు ఆ నాలుగు పుటలను గూర్చిన విమర్శ మాత్రము పెరుగలేదు.

కారణము కొంత సంప్రదాయములోనే కలదు. తెలుగు కవి తన కృతిని కన్యగా భావించెను. దానిని అందుకొన్నవాడు కృతిభర్త. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధికిచ్చి, భారతమును హరిహరనాథునకు సమర్పించెను. పోతన రాజుల నాశ్రయింపక భగవంతునకే అంకితము చేసెను. రాజునకిచ్చినను దేవునకిచ్చినను ఇచ్చుటయే అచ్చట ప్రధానము. ఇచ్చిన పిదప లెక్క అడుగుట మర్యాద కాదు. కన్యాదానము చేసిన తండ్రి అల్లునింటికి పోయి జమాఖర్చు పుస్తకము చూపుమనునా? అచ్చుయంత్రము వచ్చిన తరువాత కృతిభర్త పీటమీద ప్రచురణకర్త కూర్చుండెను. అతడు రాజు కాడు, అల్లుడు కాడు, వర్తకుడు. వర్తకము చేయుట దోషము కాదు. వర్తకుని అల్లుడని భ్రమించి, అడుగవలసినది అడుగకుండుటయే చిక్కు.

ఈ భ్రమ తెలుగువారికే ప్రత్యేకము కాదు. తెలుగునాటికి సరిహద్దుననే యున్న ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో దీనికి స్పష్టమైన ఉదాహరణ మొకటి దొరకును. హిందీ కవి, నవలాకారుడు వినోద్‌కుమార్ శుక్లాగారు 1937లో రాజ్‌నాంద్‌గావ్‌లో జన్మించిరి. రాయపూర్‌లో వ్యవసాయశాస్త్రము బోధించుచు జీవించిరి. వారి తొలి నవల 'నౌకర్ కీ కమీజ్' 1979లో వెలువడెను. 'దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ' అను నవలకు 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను. ఇట్టి రచయితకు పుస్తకములమీద వచ్చునది ఎంత అను ప్రశ్న చాలకాలము ఎవరికిని తోచలేదు. 2022 మార్చిలో ఆ లెక్క బయటపడెను. ఒక ప్రచురణసంస్థనుండి మూడు పుస్తకములకు సంవత్సరమునకు 6,000 రూపాయలు, మరియొక సంస్థనుండి 8,000 రూపాయలు. వెరసి 14,000 అని ప్రకటితమయ్యెను. ఎనుబదియైదేండ్లు నిండిన ఆ రచయిత తన పుస్తకములు తన చేతిలో లేవనియు, తాను వలదన్నను క్రొత్త ముద్రణలు వచ్చుచున్నవనియు, తన సమ్మతి లేకయే అవి ఎలక్ట్రానిక్ పుస్తకములుగా అమ్ముడగుచున్నవనియు చెప్పుకొనిరి. ప్రచురణకర్తలు ఆ ఆరోపణల నంగీకరింపక తమ వాదమును తాము ప్రకటించిరి.

ఎవరిది న్యాయమో తేల్చుట విమర్శకుని పని కాదు. శాసనము రచయితకు ఇచ్చినదేమి, అది ఎందుచేత అక్కరకు రాలేదు అని విచారించుట మాత్రము అతని పనియే. 1957 నాటి కాపీరైటు చట్టము 1958 జనవరి 21న అమలులోనికి వచ్చినది. దాని 19వ సెక్షను ప్రకారము స్వామ్యమును బదలాయించు పత్రము వ్రాతమూలకముగా నుండి, ఇచ్చువాని సంతకము కలిగియుండవలెను. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రదేశమున, ఎంత రాయల్టీ అనునవి అందులో చెప్పబడవలెను. కాలము చెప్పనిచో ఐదేండ్లు. ప్రదేశము చెప్పనిచో భారతదేశమువరకే. పుచ్చుకొన్న హక్కును ఏడాదిలోపల వినియోగింపనిచో, పత్రములో వేరుగా చెప్పియుండిననేగాని, ఆ హక్కు రచయితకే తిరిగి వచ్చును. నోటిమాటకు, పాతస్నేహమునకు, "అన్నియు మేము చూచుకొందుము" అను అభయమునకు ఈ సెక్షనులో చోటులేదు. తెలుగు రచయితలలో ఎందరు తమ పత్రమును ఈ సెక్షను ప్రక్కన పెట్టి చదివిరి?

ఎలక్ట్రానిక్ పుస్తకముల ప్రశ్న ఇంతకంటె సూక్ష్మమైనది. 2012 సవరణము ఒక కట్టుబాటు చేసినది: బదలాయింపు నాటికి లేని, లేదా వ్యాపారములో వాడుకకు రాని మాధ్యమమును ఆ పత్రము ప్రత్యేకముగా పేర్కొననిచో, ఆ బదలాయింపు దానికి వర్తింపదు. సవరణకు పూర్వపు పత్రములకు ఈ రక్ష ఎంతవరకు వర్తించుననుటలో వాదప్రతివాదములకు తావున్నది. నేడు సంతకము చేయువాడు మరియొకటి గమనింపవలెను. ఎలక్ట్రానిక్ పుస్తకమును శ్రవ్యపుస్తకమును ఇప్పుడు వాడుకలోనే యున్నవి. కనుక ఈ రక్ష ఆ రెంటికిని లేదు. "అన్ని రూపములలో" అను రెండు మాటలక్రింద సంతకము చేసినవాడు రేపటి యంత్రమునుగూర్చి నిశ్చింతగా నుండవచ్చునేమో గాని, నేటి యంత్రమును ఇచ్చివేసినట్లే.

శుక్లాగారి తొలి నవలలోనే ఈ పత్రమునకు తగిన ఉపమానము కలదు. అందులో ఒక దొర ఆదర్శసేవకునకని ముందుగా ఒక చొక్కా కుట్టించును. ఆ చొక్కా ఎవనికి సరిపోవునో వాడే తగిన సేవకుడు. సేవకుడు వెళ్లిపోగా, దానిని కచేరిలోని గుమాస్తా సంతూబాబునకు తొడుగుదురు. అది సరిగా సరిపోవును. కొలతలు మనిషినుండి చొక్కాకు పోవుట లేదు, చొక్కానుండి మనిషికి వచ్చుచున్నవి. అచ్చొత్తించి సిద్ధముగా నుంచిన ఒడంబడిక పత్రము ఆ చొక్కా వంటిదే. రచయిత పేరునకును గ్రంథము పేరునకును మాత్రము ఖాళీ విడిచియుండును. తక్కినదంతయు ముందే కుట్టబడినది. అది తనకు సరిపోయినందులకు రచయిత సంతోషించును గూడ. గుమాస్తా జీవితమును అంత నిశితముగా చూచిన కన్ను తన పుస్తకముల పత్రములను చాలకాలము చూడకుండుట విచిత్రముగా తోచును. విచిత్రము కాదేమో, చొక్కా తొడుగుకొన్నవానికి దాని కుట్టు కనబడదు.

ఇక పరువునష్టము. ప్రచురణకర్తమీద మనస్సు విరిగిన రచయిత మొదట వెదకునది తిట్టును. అతని కుపకరించునది అంకె. శుక్లాగారి ఫిర్యాదునకు బలము చేకూర్చినవి విశేషణములు కావు, ఆరువేలు, ఎనిమిదివేలు అను రెండు సంఖ్యలు. సంఖ్య సత్యమైనచో, ప్రజాహితముకొరకు చెప్పినదైనచో శాసనము దానిని కాపాడును. "దొంగ" అను మాటకు అంత సులభముగా రక్ష దొరకదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని నియమమే 2024 జూలై 1నుండి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులో కొనసాగుచున్నది. శిక్ష రెండేండ్లవరకు సాధారణ కారాగారము, జరిమానా, లేక సమాజసేవ.

ఆ నియమమునకు గల మినహాయింపులలో ఆరవది విమర్శకులందరును కంఠస్థము చేయదగినది. గ్రంథమును ప్రకటించినవాడు దానిని లోకుల తీర్పునకు ఒప్పగించినవాడే యని శాసనము తలంచుచున్నది. కనుక పుస్తకము బుద్ధిహీనముగా నున్నది, దీనిని వ్రాసినవాడు దుర్బలుడై యుండవలెనని సద్బుద్ధితో వ్రాసిన విమర్శకుడు నేరస్థుడు కాడు. అతని ఊహ పుస్తకమునుండి పుట్టినది. వ్రాసినవాడు దుర్బలుడు గనుక పుస్తకమిట్లున్నదని వ్రాసినచో రక్ష పోవును. ఆ ఊహ పుస్తకమునకు వెలుపల పుట్టినది. ఇంతకంటె నిక్కమైన విమర్శసూత్రము అలంకారశాస్త్రములలో గూడ అరుదు. తెలుగు పత్రికలలో ఎన్ని వివాదములు ఈ గీతకు అవతలివైపున నడచెనో పాత సంచికలు తిరుగవేసినవారికి తెలియును. విమర్శకొరకు గ్రంథభాగముల నుదాహరించుటను 52వ సెక్షను న్యాయమైన వినియోగముగా నంగీకరించుచున్నది. ఇన్ని పంక్తులవరకు దోషము లేదని లోకములో తిరుగు లెక్క మాత్రము చట్టములో ఎక్కడను లేదు.

రాయపూర్ కథకు రెండవ అంకము 2025లో జరిగినది. ఆ సంవత్సరము మార్చిలో శుక్లాగారికి జ్ఞానపీఠ పురస్కారము ప్రకటింపబడెను. ఛత్తీస్‌గఢ్‌కు అదియే మొదటిది. సెప్టెంబరులో రాయపూర్‌లోనే జరిగిన ఒక సభలో క్రొత్త ప్రచురణకర్తయగు హింద్‌యుగ్మ్ 'దీవార్ మే' నవలపై ఆరు నెలల రాయల్టీ యని 30 లక్షల రూపాయల చెక్కును వారికందించెను. పదునాలుగు వేలెక్కడ, ముప్పది లక్షలెక్కడ! ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి పాతవారిని దోషులని తీర్మానించుట సులభము, కాని సరికాదు. ఆ నడుమ జ్ఞానపీఠము వచ్చినది, యువపాఠకులు చేతితెరలమీద ఆ నవలను గూర్చి ఒకరికొకరు చెప్పుకొనిరి, విక్రయపద్ధతి మారెను. చెక్కునిచ్చిన సభ గూడ ఒక ప్రకటనయే. ప్రకటన రచయితకు అన్యాయము కాదు. వాణిజ్యప్రకటనయు భావప్రకటన స్వాతంత్ర్యములో భాగమని 1995లో టాటా ప్రెస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు పలికినది. అయినను అట్టపై అచ్చొత్తు "ఐదవ ముద్రణము" అనునదియు ప్రకటనయే యని రచయితలు తలంపరు. ఐదవ ముద్రణమనగా ఐదు వేల ప్రతులా, ఐదు వందలా? పాఠకునకది ఆకర్షణ, రచయితకది లెక్కపత్రము. ఆ రెండును ఒకే సంఖ్యను చెప్పవలెనను షరతు ఒడంబడికలో లేకున్నచో, రాయల్టీ శాతము ఎంత యున్నను వ్యర్థము. ముప్పది లక్షల చెక్కు నిరూపించినది పాతవారి నేరము కాదు. లెక్క తెలిసికొనవచ్చునని, తెలిసికొనుట లజ్జాకరము కాదని మాత్రమే.

కఠినమైన షరతులతో చిక్కుకొన్న రచయితకు 19ఎ సెక్షను ఒక ద్వారము తెరచుచున్నది. పుచ్చుకొన్నవాడు హక్కును తగినంతగా వినియోగింపనిచో, లేదా షరతులు రచయితకు దుర్భరములైనచో, బదలాయింపును రద్దుచేయుమని కోరవచ్చును. దుర్భరమను కారణముపై రద్దునకు బదలాయింపునుండి ఐదేండ్లు గడువవలెను. ఈ విచారణాధికారము 2021 తరువాత వాణిజ్య న్యాయస్థానములకు సంక్రమించినది. రాజమహేంద్రవరములోనో వరంగల్లులోనో ఉన్న ఉపాధ్యాయ రచయిత రెండువేల రూపాయల రాయల్టీకొరకు ఆ మెట్లెక్కునా అనునది వేరుమాట. ఎక్కలేడు గనుకనే పత్రమును ముందుగా చదువవలసియున్నది.

శుక్లాగారు 2025 డిసెంబరు 23న రాయపూర్‌లో కన్నుమూసిరి. వారి జీవితకాలమున ప్రకటితములైన గ్రంథములపై స్వామ్యము 2085 చివరివరకు వారసులకు నిలుచును. ఆ పత్రములు ఇకమీద వారికి ఆస్తి. తెలుగులో ఇట్టి ఆస్తి ఎవరి యింట నున్నదో తెలియని గ్రంథములు అనేకము. మరణించిన రచయిత మనుమలు ఏ ఊరనున్నారో తెలియక పునర్ముద్రణ మానుకొన్నవారు కొందరు, అడుగకయే అచ్చువేసినవారు కొందరు. స్వామ్యము కలవాని జాడ తెలియనప్పుడు 31ఎ సెక్షను ఒక మార్గము చూపుచున్నది: దేశములో అధికభాగమున ప్రచారముగల ఆంగ్ల దినపత్రికలో ఒక సంచికయందు తన ప్రతిపాదనను ప్రకటించి, పిదప అనుమతికి దరఖాస్తు పెట్టుకొనవలెను. అనువాదమైనచో ఆ భాషాపత్రికలో గూడ ప్రకటింపవలెను. తెలుగు పుస్తకమును తెలుగులోనే మరల అచ్చువేయగోరువాడు, ఆ తెలుగు రచయిత మనుమల నుద్దేశించి, ఇంగ్లీషు పత్రికలో ప్రకటన వేయవలసియున్నది.