పొద్దున ఏరు, మధ్యాహ్నం యుద్ధం

గండికోట వన్ డే టూరు బ్రోషర్లో రోజు రెండు ముక్కలుగా ఉంటుంది. పొద్దున ‘ఏటి జీవనం’: లోయలో పడవ, చేపలు పట్టేవాళ్ళతో కాసేపు మాటలు, గట్టు మీద సంగటి భోజనం. మధ్యాహ్నం ‘యుద్ధ చరిత్ర’: కోట, మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు, చివర్లో సూర్యాస్తమయం. బెంగళూరు నుంచి మినీ బస్సులో పధ్నాలుగు మందిమి. దాదాపు అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. అర్ధరాత్రి దాటాక బయల్దేరి, తెల్లారేసరికి ఎర్రమల కొండల్లో ఉన్నాం.

నేను వెళ్ళింది ఫొటోల కోసం కాదు. ఒక గైడు రోజంతా చెప్పే కథని మనం నవలనో కావ్యాన్నో చదివినట్టు చదివితే ఏమవుతుందో చూద్దామని వెళ్ళాను. మన సాహిత్య విమర్శ అచ్చులోకి ఎక్కినవాటినే పట్టించుకుంటుంది. కానీ ఇవాళ రాయలసీమ చరిత్రని నా వయసు వాళ్ళలో ఎక్కువమంది వింటున్నది పుస్తకాల్లో కాదు, ఇలాంటి గైడ్ల నోట. అంత పాఠకాదరణ ఉన్న ప్రక్రియని ఎవరూ సమీక్షించకపోవడం అన్యాయం కదా. వెళ్ళడానికి రెండో కారణం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

గైడుకి ముప్ఫై దాటుండవు. మంచి గొంతు. ఎక్కడ ఆగాలో తెలుసు, ఎక్కడ నవ్వించాలో తెలుసు. పడవ ఎక్కేముందు అందరూ చెప్పే మాటే చెప్పాడు, ‘ఇది మన గ్రాండ్ క్యాన్యన్’ అని. ఆ పోలిక నాకు ఎప్పుడూ నచ్చదు. గండి అంటే కొండని ఏరు కోసుకుని పారిన చోటు. ఆ ఊరి పేరులోనే భూగోళమంతా ఉంది. ఆ పేరు విప్పి చెప్తే అమెరికా దాకా పోనక్కర్లేదు.

పడవలో అతను చెప్పిన పెన్న బాగుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టడం, పినాకిని అన్న పేరు, కాస్త ఎగువన చిత్రావతి వచ్చి కలవడం, చివరికి నెల్లూరు దగ్గర సముద్రం. మధ్యలో ఒక పుట్టి మా పక్కకి వచ్చింది. అందులో వల సర్దుకుంటున్న పెద్దాయన్ని గైడు పలకరించాడు. మా బస్సులో ఒకమ్మాయి ‘పెన్నలో ఇన్ని నీళ్ళుంటాయని అనుకోలేదు’ అంది.

‘ఇవి పెన్న నీళ్ళు కాదమ్మా. క్రిష్ణ నీళ్ళు. శ్రీశైలం నుంచి వస్తాండాయి’ అన్నాడాయన, వల మీంచి తల ఎత్తకుండానే.

గైడు నవ్వేసి టాపిక్ మార్చాడు. నాకు మాత్రం ఆ రోజు విన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద వాక్యం అదే. అది నిజం కూడా. గండికోటకి ఎగువన ఒక రిజర్వాయరు, దిగువన మైలవరం దగ్గర ఇంకొకటి. ఆ రెంటి మధ్యన చిక్కుకున్న ఏరు ఇది. పెన్నకీ చిత్రావతికీ సొంత వరద వచ్చిన ఏడాదుల సంగతి వేరు. మిగతా ఏడాదుల్లో పై రిజర్వాయరు నిండేది శ్రీశైలంలో పోతిరెడ్డిపాడు తూముల గుండా బయల్దేరి, గాలేరు-నగరి కాలవ పట్టుకుని, పాత కర్నూలు జిల్లా గుండా సాగి, అవుకు మీదుగా ఇక్కడికి చేరే కృష్ణ నీళ్ళతో. పెన్న గట్టున, పెన్న లోయలో, కృష్ణ మీద పడవలో కూర్చుని పెన్న గురించి కథ వింటున్నామన్నమాట.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ని నేను కాలేజీలో ఉండగా మొదటిసారి చదివాను. రంగన్న, గంగమ్మల కరువు కాపురం. ఆ కావ్యంలో పెన్న అంటే ప్రధానంగా లేనితనం. నీళ్ళు లేకపోవడమే అక్కడ నది స్వభావం, ఆ లేనితనం మీదే మొత్తం కావ్యం నిలబడింది. మాకు పెన్న అంటే ఇసక అని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు కాబట్టి దాన్ని ఇంటి మాటలాగే చదివాను. ఇప్పుడు లోయ నిండా నీళ్ళున్నాయి. అంతమాత్రాన విశ్వం కావ్యం పాతబడిందా? పుట్టిలో పెద్దాయన మాట విన్నాక, కాలేదనే అనిపించింది. నీళ్ళు వచ్చినా అవి ఈ ఏటివి కావు. ఎవరో తూము ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి.

సీమ సాహిత్యంలో దీనికి జోడీ ఇంకోటుంది, కోట. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలో రాసి, తర్వాత విద్వాన్ పరీక్షకి తనే పాఠ్యపుస్తకంగా చదవాల్సి వచ్చిన ‘పెనుగొండ లక్ష్మి’ ఆ దారిలో అందరికీ గుర్తొచ్చేది. పడిపోయిన రాళ్ళ ముందు నిలబడి పోయిన వైభవాన్ని తల్చుకోవడం ఆ దారి పద్ధతి. అంటే మనకి ఏటి కావ్యంలో కోట ఉండదు, కోట కావ్యంలో దాహం ఉండదు. టూరు బ్రోషర్ తనకి తెలియకుండానే ఆ విభజననే పాటించింది, పొద్దున విశ్వం, మధ్యాహ్నం పుట్టపర్తి.

సంగటి, ఊరిబిండి అయ్యాక యుద్ధం మొదలైంది.

గైడు కథ ఇది. పెమ్మసాని వంశం, చివరి వీరుడు చినతిమ్మానాయుడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దండెత్తాడు. కోటని గెలవలేక నమ్మకద్రోహానికి దిగాడు. నాయుడికి విషం, రాణివాసానికి నిప్పు. కత్తుల కోనేట్లో కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇదంతా చెప్పేటప్పుడు అతని గొంతు మారిపోయింది. మా బస్సులో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. కథనంగా చూస్తే లోపం లేదు. కానీ ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. పేర్లు మార్చి బొబ్బిలిలోనో ఇంకో కోటలోనో పెట్టినా సరిపోతుంది. ఏ కోటకైనా సరిపోయే కథ ఆ కోట కథ కాదని నా అభిప్రాయం.

తారీఖుల విషయానికొస్తే, కోటని 1123లో కాకరాజు అనే సామంతుడు కట్టించాడనీ అతని ఏలిక చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరుడనీ అతను ఒకే ఊపిరిలో చెప్పాడు. తప్పు అతనిది కాదు, ఇంటర్నెట్ అంతా అలాగే ఉంది. ఆహవమల్లుడు 1068లోనే పోయాడు, అదీ తుంగభద్రలో దిగి ప్రాణత్యాగం చేసి. కోడ్ రివ్యూల్లో బతికేవాణ్ణి కాబట్టి ఇలాంటివి కంటికి తగులుతాయి. అయితే తప్పు తేదీ కంటే నన్ను బాధపెట్టింది ఏరూ యుద్ధమూ ఒకదాన్నొకటి పలకరించుకోకపోవడం. అసలు ఈ కోట ఇక్కడ ఉన్నదే ఏరు వల్ల. ఒక పక్క 300 అడుగుల లోతున పెన్న కోసిన కొండచరియ, అటు గోడ కట్టే పని లేదు. మరి ముట్టడి పడ్డప్పుడు? అంత లోతున ఉన్న ఏరు శత్రువుని ఆపుతుంది కానీ దప్పిక తీర్చదు. లోపల రాయలచెరువు ఉంది, కోనేళ్ళు ఉన్నాయి, గింజలకి అంత పెద్ద ధాన్యాగారం ఉంది. ముట్టడి అంటే నీళ్ళ లెక్క, గింజల లెక్క. ధాన్యాగారం నీడలో మమ్మల్ని పావుగంట కూర్చోబెట్టి కూడా గైడు ఆ లెక్క ఎత్తలేదు. అక్కడ చల్లగా ఉందని మాత్రం చెప్పాడు.

నా దగ్గర ఇంకో కథనం ఉంది. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే 1652లో గండికోటకి వచ్చాడు. 1889లో వాలెంటైన్ బాల్ చేసిన ఇంగ్లీషు అనువాదం ఫోన్లో పెట్టుకుని వెళ్ళాను. టావెర్నియే చూపు వీరుడిది కాదు, సరుకు అమ్ముకోవాల్సినవాడిది. గోల్కొండ రాజుకి చూపించేముందు మీర్ జుమ్లాకి చూపించాలి కాబట్టి ఇంత దూరం వచ్చాడు. క్లయింట్ పిలుపు కోసం లాబీలో కూర్చున్న సేల్స్ వాడి ఏకాగ్రత ఆ పేజీల్లో ఉంది. అందుకే అతనికి చిన్నవి కనబడ్డాయి. మీర్ జుమ్లా డేరాలో చెప్పుల్లేకుండా కూర్చుని, కాలివేళ్ళ మధ్యా ఎడమచేతి వేళ్ళ మధ్యా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కోటీ తీసి జవాబులు చెప్పి రాయించడం. పక్కనే నేరస్థుల్ని తెస్తే అక్కడికక్కడే శిక్ష చెప్పడం. ఆ కాలివేళ్ళ ఉత్తరాల్లో నాకు కనబడే మీర్ జుమ్లా గైడు కథలోని విలన్ కన్నా చాలా భయపెడతాడు. అతను కోపంలో లేడు, పనిలో ఉన్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడికి మీర్ జుమ్లా ఇరవై ఫిరంగులు పోతపొయ్యమని పని అప్పజెప్పాడు. రాగి కోసం గుళ్ళలోంచి విగ్రహాలు తెప్పించాడు. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు రాగి విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబు వాళ్ళని బెదిరించాడు. చివరికి ఒక్క ఫిరంగి కూడా పూర్తవలేదు, కొన్ని పగిలాయి, కొన్ని సగంలో ఆగాయి. మాయ్ ఆ కొలువే వదిలేశాడు. టావెర్నియే దీన్ని మహిమ అనడు, అబద్ధమూ అనడు. చెప్పి పక్కకి తప్పుకుంటాడు.

మాధవరాయ గుడి గర్భగృహంలో ఇప్పుడు విగ్రహం లేదు. ఆ ఖాళీ ముందు నిలబడ్డప్పుడు ఈ కథ గైడుకి చెప్పాను. అతను మిగతావాళ్ళని ఫొటోలకి వదిలేసి, శ్రద్ధగా విని, ఫోన్లో రాసుకున్నాడు. ‘ఇంత మంచి కథ మాకెవరూ చెప్పలేదన్నా’ అన్నాడు. నిజానికి అతని తరహా కథకి కావల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. పైగా ఇది ఈ కోటలో తప్ప ఇంకెక్కడా జరగదు.

మూడో కథనం కైఫీయత్తులది. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్నవి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం జిల్లా కైఫీయత్తుల్ని సంపుటాలుగా వేసింది. వాటిని చరిత్రగా చదివేవాళ్ళకి చిరాకేస్తుంది, పురాణమూ లెక్కా కలిసిపోయి ఉంటాయి. నాకు వాటిలో నచ్చేది ఒకటుంది. యుద్ధం అయిపోయాక కూడా కైఫీయత్తు ఆగదు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఊరి హద్దు ఏ రాయి దగ్గర, ఇలా సాగుతూనే ఉంటుంది. రాజుల జాబితాకీ చెరువు తూముకీ ఒకే సిరా. ఏరూ కోటా విడిపోకముందు మనకున్న వచనం అది. మన చారిత్రక నవలాకారులు దీన్నించి కథలు తీసుకున్నారు గానీ ఈ పద్ధతి తీసుకోలేదు.

ఇప్పుడు రెండో కారణం.

సూర్యాస్తమయానికి అందరూ చరియ అంచుకి వెళ్ళారు. నేను గైడుని, కొండాపురం ఏ వైపు అని అడిగాను. చెయ్యెత్తి పడమర చూపించాడు. మా అవ్వ వాళ్ళ ఊరు ఆ వైపే. ఇప్పుడు రిజర్వాయరు అడుగున ఉంది. పూర్తిగా నింపితే దాదాపు 27 టీఎంసీలు పట్టే రిజర్వాయరు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వైపు నీళ్ళు రావడం టీవీలో చూశాం. మా ఊరు అంతకు ముందే ఖాళీ అయింది. మా మామ ఇంటి వాసాలూ తలుపులూ పీకించి ట్రాక్టర్లో వేశాడు. అవ్వ గడప మాను కూడా వెయ్యమంది. అది ఇప్పుడు కాలనీ ఇంట్లో మంచం కింద ఉంది. కొత్త ఇంటి ద్వారానికి అది కొలత సరిపోలేదు.

ఇదంతా అతనికి చెప్పి, నా విమర్శ కూడా చెప్పేశాను. మూడున్నర శతాబ్దాల నాటి ముట్టడి గురించి రెండు గంటలు చెప్తావు, ఈ నీళ్ళ కింద ఊళ్ళున్నాయని ఒక్క మాట చెప్పవేం అని. నా గొంతులో కొంచెం కోపం ఉందనుకుంటా.

‘మాదీ మునక ఊరే అన్నా’ అన్నాడు.

నాకు వెంటనే ఏమనాలో తెలియలేదు.

‘మొదట్లో చెప్తాంటి. బస్సులో అందరూ గమ్మునైపోతారు. పడవ ఎక్కినోళ్ళు నీళ్ళని చూసి భయపడినట్టు చూస్తారు. ఒకాయన డబ్బులు కూడా ఇయ్యబోయినాడు. అప్పటి నుంచి చెప్పేది నిలిపేసినా.’

ఒక కథకుడు ఏది వదిలేశాడో పట్టుకుని విమర్శించడం మాకు అలవాటే. ‘మౌనాలు’ అని దానికో మంచి పేరు కూడా పెట్టుకున్నాం. ఆ వదిలెయ్యడం శ్రోతల వల్ల జరిగిందేమో అని మాత్రం ఎప్పుడూ అడగను. టావెర్నియే చదివినందుకు అతన్ని తక్కువగా చూసిన మాట నిజం. కత్తుల కోనేరు దగ్గర అతని గొంతు మారడాన్ని నేను నటన అని నోట్స్‌లో రాసుకున్నాను. ఇప్పుడు ఆ మాట కొట్టేశాను. ఏడవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పని ఊరు అతనికి ఆ కోటే అయ్యుండొచ్చు. అయినా నా అభిప్రాయం మొత్తం మారలేదు. విషం కథ కన్నా గడప మాను కథ మెరుగైనదనే అంటాను. అది పడవలో ఎవరికి ఎలా చెప్పాలన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణంలో జమ్మలమడుగు దాకా అతను డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. దిగేముందు వెనక్కి తిరిగి నా సీటు దాకా వచ్చాడు.

‘ఆరే కదన్నా విగ్రహాలు?’

‘ఆరే.’

‘ఇత్తడివా?’

‘కాదు, రాగివి.’

ఫోన్లో దిద్దుకుని దిగిపోయాడు.