ఆ తల్లిని ఏడవనివ్వండి

ఈ వారం కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో ఆదరణ కూడికకు వెళ్లాను. చేపల చెరువు గట్టు మీద మోటారు వేయబోయి కరెంటు కొట్టి పోయాడు కుర్రాడు. పెళ్లికి సంబంధాలు చూస్తున్నారట. షామియానా కింద కుర్చీలు, రెండు మైకులు, వరసగా నలుగురు బోధకులు. మూడో ఆయన వాక్యం చెబుతుండగా తల్లికి దుఃఖం ఆగలేదు. కొడుకు పేరు పెట్టి గొంతెత్తింది. ఆయన ప్రసంగం ఆపి, మైకులోనే, "అమ్మా, నిరీక్షణ లేనివాళ్లలా మనం ఏడవకూడదు. అంతా దేవుని చిత్తం" అన్నారు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టారు.

నాకు కడుపు మండిపోయింది. సాక్ష్యాల మీద నా పాత పోరు ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. మన కూడికల్లో జబ్బు నయమైనవాడికి మైకు ఇస్తారు, నయం కానివాడికి వెనక చాప చూపిస్తారు. కొడుక్కి ఉద్యోగం వచ్చినావిడ ముందుకొచ్చి చెబుతుంది. కొడుకే పోయినావిడ ఏం చెప్పాలి? ఆమెకి మన ఆరాధన క్రమంలో చోటేదీ?

ఇలాంటప్పుడు యోబు స్నేహితులే నయమనిపిస్తుంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతో పాటు నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. మనమూ ప్రసంగాలు ఎత్తేసి, ఆ ఇంట్లో మౌనంగా కూర్చుని లేచి రావాలని, అదే ఈ వారం రాయాలని కూర్చున్నాను.

రాస్తుంటే మా అమ్మమ్మ అడ్డం పడింది.

అమ్మమ్మకి అక్షరం రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో సగం నోటికొచ్చు. ఆమె పెద్దకొడుకు, మా పెద్ద మావయ్య, తాటి దోనె తిరగబడి కొల్లేట్లో పోయాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెడితే కాళ్ల దగ్గర చతికిలబడి, ఒక చెయ్యి అతని పాదం మీద వేసి, రెండో అరచేత్తో నేల మీద కొడుతూ శోకం పెట్టింది. అది ఊరికే ఏడవడం కాదు. దానికో వరస ఉంది. ముందు అతని పుట్టుక, తర్వాత అతనికి ఇష్టమైన కొరమేను పులుసు, క్రిస్మస్‌కి కుట్టించి ఇంకా తొడగని చొక్కా. ఒక్కో మాట చివర రాగం తీసేసరికి మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఆమె గొంతు పడిపోతే తోడికోడలు ఎత్తుకునేది. అలా చాలాసేపు బిడ్డతో మాట్లాడి, తల పైకెత్తి ప్రభువు మీదికి తిరిగింది. "తుఫాన్ని గద్దించినవాడివి గదయ్యా, నా బిడ్డ దోనె తిరగబడిన పూట ఎక్కడున్నావయ్యా? ఇన్ని దోనెల్లో నా బిడ్డదే కనపడిందా అయ్యా?"

సంఘ పెద్ద ఒకాయన దగ్గరకొచ్చి, ఇది అన్యుల ఆచారం, మనకి తగదన్నాడు. అమ్మమ్మ ఆయన వంక చూడను కూడా చూడలేదు. శవపేటిక లేచేదాకా అడుగుతూనే ఉంది. ఆదివారం మామూలుగా గుడికెళ్లింది. ఆ ప్రశ్నకి జవాబు వచ్చిందని ఆమె ఏనాడూ చెప్పలేదు. ప్రార్థనా మానలేదు, ప్రశ్నా మానలేదు.

అది అన్యుల ఆచారమైతే మన బైబిల్లో సగం అన్యుల ఆచారమే. యిర్మీయా తొమ్మిదో అధ్యాయం తీయండి. శోకం పెట్టడంలో నేర్పున్న స్త్రీలను పిలిపించమని, ఆ విద్య మీ కూతుళ్లకి నేర్పమని ఉంటుంది. విలాపవాక్యములు అయిదు అధ్యాయాలు. యెరూషలేము పాడైపోతే పుట్టిన శోకాలవి. మొదటి నాలుగూ హెబ్రీ అక్షరమాల వరసలో కట్టారు. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో ఇరవై రెండేసి వచనాలు, మూడో దాంట్లో అరవై ఆరు. అయిదో అధ్యాయానికి కూడా వచనాలు ఇరవై రెండే, కాని అక్షరాల వరస లేదు. అక్కడికొచ్చేసరికి ఏడ్చేవాడికి ఆ ఓపిక కూడా అయిపోయిందని నా నమ్మకం. లాజరు చనిపోయినప్పుడు మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే నిష్ఠూరమాడారు, నువ్వుంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదని. ఆయన ఇద్దరిలో ఎవరి నోటికీ కొంగు అడ్డం పెట్టలేదు. సమాధి దగ్గరికి చేరకముందే తనూ ఏడ్చాడు.

మౌనం మంచిదన్న మాట దగ్గర ఆగలేకపోవడానికి ఇంకో కారణం ఏలూరు. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. పిల్లలు, పెద్దలు, నోట నురగ, కాసేపు మతి తప్పడం. కొద్దిరోజుల్లో ఆరొందల మందికి పైగా. చాలామంది తొందరగానే తేరుకున్నారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు. తర్వాత పురుగుమందుల మాట వచ్చింది. అవి ఏ దారిన ఒంట్లోకి చేరాయో మాత్రం ఆ ఇళ్లవాళ్లకి తేలలేదు. అది ఆడ్వెంటు కాలం. అంత్యదినాల సూచన అన్నవాళ్లున్నారు, ప్రశ్నించకుండా ప్రార్థించండి అన్నవాళ్లూ ఉన్నారు. పడిపోయిన బిడ్డ తల్లి నోరు మూసుకుంటే ఎవరికి సుఖం? దేవుణ్ణే నిలదీయడం మర్చిపోయినవాడు కుళాయి నీళ్ల సంగతి ఎవరిని అడుగుతాడు?

అందుకని యోబు గ్రంథాన్ని మళ్లీ మొదటినుంచి చదివాను. ఏడు రోజుల మౌనం రెండో అధ్యాయంతో సరి. మూడో అధ్యాయంలో యోబు తను పుట్టిన దినాన్నే శపించాడు. ఆ తర్వాత ముప్పై నాలుగు అధ్యాయాల వాదన. స్నేహితులు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, నువ్వేదో చేసే ఉంటావన్నారు. యోబు మాత్రం దేవుడితోనే తగవు పెట్టుకున్నాడు. సుడిగాలిలోంచి మాట్లాడిన దేవుడు యోబు ప్రశ్నలకి జవాబివ్వలేదు, తిరిగి తనే బోలెడు ప్రశ్నలు వేశాడు. కాని చివర్న తీర్పు చెప్పాడు: నా గురించి సరిగా మాట్లాడింది యోబు, మీరు కాదు. స్నేహితుల పక్షాన యోబు ప్రార్థించాల్సి వచ్చింది. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లకి దేవుడిచ్చిన మార్కులవి.

కాబట్టి ఆ ఇంట్లో మాట ఉండాలి, గట్టిగానే ఉండాలి. అది దెబ్బ తగిలినవాళ్ల నోటి నుంచి రావాలి, దేవుడి మొహం మీదే రావాలి.

ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం వైపు సంఘ పెద్దలకీ, అయ్యగార్లకీ నాదొక మనవి. ఈసారి ఆదరణ కూడికలో నలుగురు బోధకుల్ని ఒకరికి తగ్గించండి. మొదటి అరగంట ఆ ఇంటి ఆడవాళ్లకి వదిలేయండి. శోకం పెట్టడం తెలిసిన ముసలమ్మలు మీ పేటలో ఇంకా ఉంటే వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టండి, పడుచుపిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. 88వ కీర్తన చదవండి. అది చీకట్లోనే ముగుస్తుంది. దాని వెంటనే వెలుతురున్న కీర్తన ఇంకోటి తగిలించకండి. ప్రసంగం ఎంత గొప్పదైనా, ఆ తల్లి ఏడుపు అయ్యాకే మొదలుపెట్టండి.