శూలం దిగుతుంది, పుడక ఉండిపోతుంది

ఆడికృత్తిక వచ్చిందంటే చిత్తూరు, పుత్తూరు, నగరి దారులన్నీ తిరుత్తణి కుమారస్వామి కొండ వైపే తిరుగుతాయి. పసుపు బట్టలు, పూల కావళ్లు, ‘హరోం హర’ కేకలు. 1960 ఏప్రిల్ 1న ఆ కొండ చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది గానీ, మొక్కులకు ఆ సరిహద్దు ఎప్పుడూ అడ్డురాలేదు. అంత దూరం పోలేనివాళ్లకు శ్రీకాళహస్తిలో విజ్ఞానగిరి మీద కుమారస్వామి ఉండనే ఉన్నాడు. కావడి ఎత్తినవాళ్లలో కొందరు నాలుకకో, బుగ్గలకో చిన్న శూలం గుచ్చుకుని నడుస్తారు. మొక్కు తీరాక శూలం తీసేసి, ఆ చోట విభూది అద్దుతారు. కొద్దిరోజుల్లో గాయం పూడిపోతుంది.

తిరుపతిలో కాలేజీ కుర్రాడెవరైనా నాలుకకు పుడక వేయించుకుని ఇంటికొస్తే ఈ శూలమే వాడికి వకాల్తా పుచ్చుకుంటుంది. “మామయ్య గుచ్చుకోలేదా, ఆయనకేమైంది?” అంటాడు. వాదన బాగానే ఉంది, పోలికే కుదరదు. మామయ్య శూలం పూట తిరక్కుండానే దిగిపోయింది. వీడి లోహపు కడ్డీ పచ్చిపుండు మధ్యలోనే కూర్చుని, అన్నం తిన్నా మాట్లాడినా అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. నోట్లో సూక్ష్మజీవులకు కొదవ లేదు.

నాలుకకు రక్తప్రసరణ ఎక్కువ. అందుకే అక్కడ గాయం త్వరగా మానుతుంది, వాపూ అంతే జోరుగా వస్తుంది. అద్దం ముందు నాలుక పైకెత్తితే అడుగున రెండు పక్కలా నీలం సిరలు కనిపిస్తాయి. తెలిసినవాళ్లు వాటిని తప్పించి నట్టనడుమ కుడతారు. నొప్పి, వాపు మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లో ముదురుతాయి. మొదట పొడవాటి కడ్డీ వేసేది ఆ వాపుకు చోటివ్వడానికే. పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

పుండు మానే రోజుల్లో వేడివేడి సంగటి, ఊరుబిండి జోలికి పోకూడదు. చిత్తూరువాళ్లకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. చల్లారిన రాగి అంబలి, కారం లేని పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ ఉన్నాయిగా. శుభ్రమైన నీటితో చేసిన ఐసుముక్క నోట్లో కరగనిస్తే వాపు, నొప్పి రెండూ తగ్గుతాయి. పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు లేనివాళ్లయితే ఇబుప్రొఫెన్ కూడా వేసుకోవచ్చు. ఆస్పిరిన్ మాత్రం వద్దు, రక్తం ఆగనివ్వదు.

తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లు పుక్కిలించాలి. కప్పు గోరువెచ్చటి నీటికి పావు చెంచా ఉప్పు చాలు. త్వరగా మానుతుందని గుప్పెడు వేస్తే పుండు మండడమే మిగులుతుంది. ఆల్కహాలున్న మౌత్‌వాష్‌తోనూ అదే తంటా. పసుపు, విభూది ఆ రంధ్రంలో కూరడం, వేళ్లతో పుడక తిప్పడం మానాలి. తెల్లగా పల్చటి ద్రవం ఊరితే కంగారు అక్కర్లేదు.

నిజానికి మామయ్య దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది. కావడి ఎత్తేముందు ఆయన మాంసం, మందు, పొగ మానేసి ఒంటిపూట తిన్నాడు. మేనల్లుడి దీక్ష మాత్రం సూది దిగాకే మొదలవుతుంది. పుండు మానేదాకా సిగరెట్టు, గుట్కా, బీరు, ఎంగిలి గ్లాసులు, ముద్దులు అన్నీ బంద్.

చిక్కటి పచ్చ చీము, జ్వరం, ఐదు రోజులు దాటినా పెరిగే వాపు కనిపిస్తే పుడకను ఇంట్లో పీకేయొద్దు. పైన రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోవచ్చు. డాక్టరు చూసి చెప్పాలి. గుటక పడకపోయినా, దవడ కింద గట్టిపడినా, ఊపిరి అందకపోయినా అర్ధరాత్రయినా సరే తిరుపతి రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని ఎమర్జెన్సీకో పరుగెత్తాల్సిందే. నాలుక కింద పాకి శ్వాసను మూసేసే ఆ ఇన్‌ఫెక్షన్‌ను జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లోనే వర్ణించాడు. నాలుక కుట్టించుకున్నాక అది సోకిన కేసు 1997లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో వచ్చింది. అరుదే, కానీ పుట్టుకతో గుండెజబ్బు ఉన్నవాళ్లూ, షుగరు అదుపులో లేనివాళ్లూ ముందే డాక్టరును అడగడం మంచిది.

శూలం దగ్గరా ఒక మాట చెప్పక తప్పదు. ఒకరికి గుచ్చింది నీళ్లతో కడిగి ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, సి అంటుకునే ప్రమాదం ఉంది. భక్తికి మినహాయింపేమీ లేదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పావుగంట ఉంటేనే సూది శుద్ధి అయినట్టు. పుడక వేసే దుకాణంలో సూది సీలు కవరు కళ్లముందే చింపమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. హెపటైటిస్ బి టీకా, టీటీ ఇంజెక్షన్ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

వాపు తగ్గాక పొట్టి కడ్డీకి మారకపోతే పంటికీ చిగురుకూ అదే రోకటిపోటు. 2002లో అమెరికాలో 52 మందిని పరీక్షిస్తే, పొడవాటి కడ్డీ రెండేళ్లు, ఆపైన ఉంచుకున్నవాళ్లలో సగం మందికి లోపలివైపు చిగుళ్లు కిందికి జారిపోయాయి. నాలుగేళ్లు దాటినవాళ్లలో 47 శాతం మందికి పళ్లు పెచ్చులూడాయి. ఆ పళ్లతో ఇక బొరుగులు కూడా జాగ్రత్తగానే నమలాలి.