అది ఎలా తెలిసింది?

సైన్సు డాక్యుమెంటరీని సినిమా చూసినట్టు ఏకబిగిన చూడకూడదని నా అభిప్రాయం. ఆపాలి, వెనక్కి తిప్పాలి, అర్థంకాని చోట అట్లాసు తెరవాలి. మా ఇంట్లో శనివారం రాత్రి భోజనాలయ్యాక అమ్మా నేనూ కూర్చుంటాం. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెబుతాను. ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే మనకెంత తెలిసిందో బయటపడుతుంది. వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో ఏదో మాట అనేసి ముందుకు పోతే నేనూ పోయేదాన్నే. అమ్మ పోనివ్వదు. "అది ఆయనకెలా తెలిసిందే?" అంటుంది. ఏ డాక్యుమెంటరీనైనా ముందుగా అడగాల్సింది అదేనని నాకు ఆవిడే నేర్పింది.

2006లో వచ్చిన బీబీసీ వారి 'ప్లానెట్ ఎర్త్'లో పాకిస్తాన్ కొండల మీద మంచు చిరుత ఒక అడవిమేకను తరుముతుంది. నిట్టనిలువు రాళ్ల మీంచి రెండూ దూకుతూ దిగుతాయి. మేక కింద నదిలో పడి తప్పించుకుంటుంది. ఆ కాసేపటి దృశ్యం కోసం చిత్రబృందం అక్కడికి మళ్లీ మళ్లీ వెళ్లింది. బ్రిటన్‌లో ఆ సిరీస్ ప్రసారమైనప్పుడు ప్రతి భాగం చివరా పది నిమిషాల పాటు, ఇదంతా ఎలా తీశారో చూపించారు. చలిలో ముడుచుకుని కూర్చున్న కెమెరా మనుషులు, ఏమీ దొరకని రోజులు, ఖాళీ కొండలు. చిరుత కంటే అమ్మకు ఆ పది నిమిషాలే ఎక్కువ నచ్చాయి. నాకూ అంతే. ఎదురుచూపు ఎందుకో తెలిస్తే అది భారం కాదు.

ఆ శనివారాల కోసమే చిన్న ప్రొజెక్టర్ కొన్నాను. అమ్మకు చూపు తగ్గుతోంది, హాల్లో తెల్లగోడ మీద బొమ్మ పెద్దగా పడితే హాయిగా చూస్తుందని. ఊరూరా షోరూములున్న ఒక పెద్ద దుకాణం వెబ్‌సైటులో కార్డుతో డబ్బు కట్టాను. వచ్చిన ప్రొజెక్టర్‌లో కుడివైపు కింది మూల మసకగా పడుతోంది. ఆ మూలకు ఫోకస్ తిప్పితే మధ్యభాగం అలుక్కుపోతుంది, మధ్యకు తిప్పితే మూల పోతుంది. వాపసు అడిగాను. ఒక కుర్రాడు వచ్చి, పెట్టె విప్పి, వైర్లతో సహా అన్నీ సరిచూసుకుని పట్టుకెళ్లాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే "మీ రీఫండ్ పూర్తయింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది.

డబ్బు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ఐదు నుంచి ఏడు పనిదినాలు ఆగమన్నారు, ఆగాను. తర్వాత చేస్తే "మాకు పూర్తయిందనే చూపిస్తోంది మేడమ్, మీ బ్యాంకును అడగండి" అన్నారు. బ్యాంకులో "మాకేమీ రాలేదండీ, వాళ్ల దగ్గర ఏఆర్‌ఎన్ తీసుకురండి" అన్నారు. ఏఆర్‌ఎన్, అంటే రీఫండ్ జాడ చెప్పే సంఖ్య, అడిగితే దుకాణం వాళ్లు మళ్లీ ఆర్డరు నంబరు దగ్గర మొదలుపెట్టారు. చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, నా కథ మొదటి నుంచి. ఆ ఫోన్లెత్తే పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ల ఎదుట తెర మీద కనిపించేదే వాళ్లు చదువుతారు. డబ్బు ఎప్పుడు బయల్దేరింది, ఏ బ్యాంకు నుంచి, ఏ సంఖ్యతో అన్నది ఆ తెర మీద ఉండనివ్వని యాజమాన్యం మీదే నా కోపమంతా. ఆలస్యాన్ని నేను క్షమించగలను. దాచిపెట్టడాన్ని క్షమించలేను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేం వాయేజర్ అంతరిక్ష నౌకల మీద తీసిన 'ద ఫార్దెస్ట్' చూస్తున్నాం. 2017లో వచ్చిన చిత్రం. 1977లో బయల్దేరిన ఆ రెండు నౌకల్లో ఉన్న బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయని, అందులో తెలుగూ ఉందని చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ చిత్రం తర్వాత జరిగిన కథ కూడా ఆమెకు చెప్పాను. 2023 నవంబరులో వాయేజర్-1 పంపే సమాచారం పాడైంది. ఒకట్లూ సున్నాలూ అర్థం లేకుండా ఒకే తీరులో రావడం మొదలైంది. నాసా ఆ సంగతి డిసెంబరులోనే లోకానికి చెప్పింది. ఏ కంప్యూటర్లో చిక్కుందని అనుమానిస్తున్నారో, సరిచేయడానికి వారాలు ఎందుకు పట్టవచ్చో కూడా చెప్పింది. నౌక అప్పటికి 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి మాట వెళ్లడానికి 22 గంటలన్నర, జవాబు రావడానికి మరో 22 గంటలన్నర. కాలిఫోర్నియాలోని ఇంజనీర్లు 2024 మార్చిలో ఆ కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్నదంతా తెప్పించుకుని పాతదానితో పోల్చి చూశారు. అందులో సుమారు 3 శాతం చెడిపోయింది, కారణం ఒక్క చిప్. అందులో ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి ఖాళీ ఉన్న వేరే చోట్ల సర్ది, ఏప్రిల్ 18న ఆదేశం పంపారు. ఏప్రిల్ 20న నౌక తన ఆరోగ్యం సంగతి తిన్నగా చెప్పింది.

అంతరిక్ష నౌకతో దుకాణాన్ని పోల్చడమేమిటని మీకు అనిపించవచ్చు. నేను తెలివితేటల్ని పోల్చడం లేదు. తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, ఎప్పటికి తెలుస్తుంది అని చెప్పే అలవాటును పోలుస్తున్నాను. దానికి రాకెట్లు అక్కర్లేదు.

చివరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆన్‌లైన్ వ్యాపారాల కోసం 2020 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అందుకు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు వెబ్‌సైటులో పెట్టాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టే రాస్తున్నాను. ఫిర్యాదు వెళ్లాక దుకాణం నుంచి ఏఆర్‌ఎన్ వచ్చింది.

కార్డుకు వెనక్కి పంపిన డబ్బు జాడ చెప్పే 23 అంకెల సంఖ్య అది. బ్యాంకులో ఉన్న అమ్మాయి ఓపిగ్గా దాన్ని నాకు చదివి చూపించింది. మొదటి అంకె తర్వాతి ఆరూ దుకాణం తరఫు బ్యాంకువి. ఎనిమిది నుంచి పదకొండు వరకు ఉన్న నాలుగు అంకెలు తేదీ: ముందు సంవత్సరంలోని చివరి అంకె, తర్వాత ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో. పెన్సిలుతో ఆ నాలుగింటి కిందా గీత గీసి, క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టాం. నా డబ్బు వాళ్ల బ్యాంకు నుంచి కదిలింది "పూర్తయింది" అన్న మెసేజ్ వచ్చిన రోజున కాదు, నేను 1915కు ఫోన్ చేసిన తర్వాత.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఎప్పటి ప్రశ్నే అడిగింది. ఈసారి కాగితం చూపించాను. అద్దాలు పెట్టుకుని ఆ నాలుగు అంకెలనూ తనూ లెక్కపెట్టుకుంది.

డబ్బు ఖాతాలో పడింది. పంపకముందే పూర్తయిందని ఎందుకు రాశారో చెప్పమని, ఏఆర్‌ఎన్ జతచేసి, ఆ దుకాణం ఫిర్యాదుల అధికారికి ఉత్తరం పంపాను. రీఫండ్ మెసేజ్‌లోనే పంపిన తేదీ, ఆ సంఖ్య వేయమని కూడా అడిగాను. మీకూ ఇలాగే మెసేజ్ వస్తే మొదటి ఫోన్‌లోనే ఏఆర్‌ఎన్ అడగండి.