పాఠం 9: దేవుడు అడిగి తెలుసుకునే కథ – గ్రీకు పురాణగాథలు, పారానార్మల్ రొమాన్స్ నవలలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పారానార్మల్ రొమాన్స్ నవల లక్షణాలను వివరించగలుగుతారు.
• పెర్సెఫోనీ, సైకీ గాథలను ఈ నవలలు ఎలా మార్చుకున్నాయో చెప్పగలుగుతారు.
• ఈ నవలల ఆకర్షణకు కారణాలను, వాటి పరిమితులను విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

జనాదరణ పొందిన నవలను తేలికగా తీసిపారేయడం విమర్శలో పాత అలవాటు. యద్దనపూడి సులోచనారాణి నవలలు వారపత్రికల్లో సీరియళ్లుగా వస్తున్న కాలంలో వాటిని ఊహాలోకపు కథలని కొట్టిపారేసినవారు ఉన్నారు. ఆ నవలల కోసం వారం వారం ఎదురుచూసిన పాఠకురాలు వాటిలో ఏం వెతుక్కుందన్న ప్రశ్నకు మాత్రం ఆ మాటలో జవాబు లేదు. ఈ పాఠంలో అదే ప్రశ్నను మరొక దేశపు నవలల గురించి అడుగుదాం.

అమెరికాలో గత రెండు దశాబ్దాలుగా గ్రీకు దేవతలు నాయకులుగా ఉన్న ప్రేమ నవలలు విరివిగా వస్తున్నాయి. వాటిలో తరచుగా కనిపించే నాయకుడు హేడీస్. ఇతడు మృతుల లోకానికి రాజు. మీకు వెంటనే యముడు గుర్తుకు రావచ్చు, కాని ఇద్దరికీ భేదం ఉంది. హేడీస్ పాశం పట్టుకుని ప్రాణాలు తీయడానికి రాడు. చనిపోయినవారు చేరే లోకాన్ని ఏలుతూ అక్కడే ఉంటాడు. మన సావిత్రి యముడితో వాదించి భర్త ప్రాణాన్ని గెలుచుకుంది. ఈ నవలల్లో నాయిక మృత్యులోకపు రాజునే వరిస్తుంది. ఇంత భయంకరమైన దేవుడిని ప్రేమికుడిగా ఊహించుకోవడంలో పాఠకులకు కలిగే ఆనందం ఏమిటి? ఈ పాఠానికి ఇదే మూల ప్రశ్న.

9.2 పారానార్మల్ రొమాన్స్ అంటే ఏమిటి?

ప్రేమకథ ప్రధానంగా ఉండి, సుఖాంతమయ్యే నవలను ఆంగ్ల ప్రచురణ రంగంలో రొమాన్స్ అంటారు. ప్రేమికుల్లో ఒకరైనా మానవాతీతులైతే, అంటే దేవతలో, రక్తపిశాచాలో, శాపగ్రస్తులైన అమరులో అయితే, అది పారానార్మల్ రొమాన్స్ అవుతుంది. మన కథలకు ఇది కొత్త కాదు. ఊర్వశీ పురూరవుల కథలో ప్రేయసి అప్సరస, ప్రియుడు మానవుడు. అయితే ఆ కథలో వియోగం తప్పదు. రొమాన్స్ నవలలో మాత్రం చివరికి కలయిక తప్పనిసరి. ఈ నియమం పాఠకులకు ముందే తెలుసు. కాబట్టి కథ ఎలా ముగుస్తుందన్న కుతూహలం కంటే, ఇంత అసాధ్యమైన జంట ఎలా ఒకటవుతుందన్న కుతూహలమే వారిని చదివిస్తుంది.

9.3 మూలగాథ: పెర్సెఫోనీ అపహరణ

ఈ నవలలకు అన్నిటికంటే ఎక్కువగా ఆధారమైనది పెర్సెఫోనీ గాథ. దీని ప్రాచీన రూపం డెమీటర్ మీద చెప్పిన గ్రీకు స్తోత్రంలో ఉంది. హోమర్ పేరుతో ప్రచారంలో ఉన్న స్తోత్రాలలో ఇది ఒకటి. దాదాపు 500 పాదాల కావ్యం.

పెర్సెఫోనీ పంటల దేవత డెమీటర్ కూతురు. చెలికత్తెలతో పూలు కోస్తూ ఒక అద్భుతమైన నార్సిసస్ పువ్వు కోసం చేయి చాస్తుంది. భూమి చీలుతుంది. హేడీస్ రథం మీద వచ్చి, ఏడుస్తున్న ఆమెను ఎత్తుకుపోతాడు. ఆమె కేక హెకటేకు వినిపిస్తుంది, సూర్యుడు హీలియోస్ ఆ ఘటనను చూస్తాడు. తండ్రి జ్యూస్ ఈ పెళ్లికి ముందే ఒప్పుకున్నాడన్న సంగతి ఇక్కడ గమనించండి. గ్రీకు సమాజంలో కూతురిని ఇవ్వవలసినవాడు తండ్రి. అతడు ఇచ్చాడు. కూతురిని ఎవరూ అడగలేదు, తల్లికి ఎవరూ చెప్పలేదు.

డెమీటర్ దేవలోకం విడిచి, ముసలి రూపంలో తిరుగుతూ ఎలూసిస్ పట్టణం చేరుతుంది. తరువాత పంటలు పండకుండా చేసి లోకాన్ని కరువులో ముంచుతుంది. మనుషులు నశిస్తే దేవతలకు నైవేద్యాలు ఉండవు. గత్యంతరం లేక జ్యూస్ కూతురిని వెనక్కి రప్పిస్తాడు. కాని పంపేముందు హేడీస్ ఆమె చేత ఒక దానిమ్మ గింజ తినిపిస్తాడు. అందువల్ల ఏడాదిలో మూడోవంతు కాలం ఆమె పాతాళంలో గడపవలసి వస్తుంది.

ఈ కావ్యంలో ఎక్కువ భాగం తల్లి దుఃఖానికి, ఆమె కోపానికి చెందుతుంది. హేడీస్, పెర్సెఫోనీల మధ్య ప్రేమ అన్న ప్రసక్తే ఇందులో లేదు. ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోండి.

9.4 నవలలు చేసిన ప్రధానమైన మార్పు

గ్రీకు గాథల్లో దేవుడి కోరికకు ఎదురు ఉండదు. అతడు కోరుకుంటాడు, తీసుకుంటాడు. ఫలితం అనుభవించేది ఎదుటివారు. ఆధునిక నవల దేవుడి బలాన్ని అలాగే ఉంచి, ఆ బలానికి ఒక కట్టుబాటు పెట్టింది. ఎత్తుకుపోగల శక్తి ఉండి కూడా అతడు ఆగుతాడు. అడుగుతాడు. జవాబు కోసం ఎదురుచూస్తాడు. ఈ నవలల ఆకర్షణకు కేంద్రం ఇదేనని నా అభిప్రాయం. దీన్ని మూడు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

పి.సి. కాస్ట్ 2004లో రాసిన 'గాడెస్ ఆఫ్ స్ప్రింగ్' నవలలో నాయిక లీనా. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో బేకరీ నడుపుకునే నలభై దాటిన స్త్రీ. అప్పుల్లో ఉంది. డెమీటర్ ఆమెతో ఒక ఒప్పందం చేసుకుని, ఆమెను ఆరు నెలలపాటు పెర్సెఫోనీ దేహంలో పాతాళానికి పంపుతుంది. అక్కడి హేడీస్ ఒంటరివాడు, బిడియస్తుడు. లీనాలో అతడు ప్రేమించేది దేహాన్ని దాటిన వ్యక్తిత్వాన్ని. యౌవనం దాటిన స్త్రీని నాయికగా నిలబెట్టడం ఈ నవలలో విశేషం. పాఠకురాలికి తన వయసు, తన అప్పులు, తన వంటగది నేర్పు కథలో కనిపిస్తాయి.

ఎయిమీ కార్టర్ యువపాఠకుల కోసం 2011లో రాసిన 'ది గాడెస్ టెస్ట్'లో నాయిక కేట్. తల్లి క్యాన్సర్‌తో చావుబతుకుల మధ్య ఉంది. తల్లి ప్రాణం నిలవడం కోసం కేట్ ఏడాదిలో ఆరు నెలలు హెన్రీ అనే పేరుతో ఉన్న హేడీస్ దగ్గర గడపడానికి ఒప్పుకుంటుంది. మూలగాథలో దానిమ్మ గింజ ఒక మోసం. ఇక్కడ అదే ఆరు నెలల గడువుగా మారి, ముందే చెప్పిన షరతు అయింది.

స్కార్లెట్ సెయింట్ క్లెయిర్ 2019లో ప్రచురించిన 'ఎ టచ్ ఆఫ్ డార్క్‌నెస్'లో పెర్సెఫోనీ ఆధునిక నగరంలో జర్నలిజం విద్యార్థిని. వసంత దేవత అయినా ఆమె చేయి తగిలితే పువ్వులు వాడిపోతాయి. హేడీస్ ఒక జూదశాల యజమాని. అక్కడి ఆటలో ఓడి, అసలు సంగతి తెలియకుండానే ఆమె అతడితో ఒప్పందంలో చిక్కుకుంటుంది. పాతాళంలో ప్రాణం మొలిపించాలి, లేకపోతే స్వేచ్ఛ కోల్పోవాలి.

ఈ మూడో ఉదాహరణ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒప్పందం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టేనా? తెలియకుండా చిక్కుకున్న ఒప్పందానికీ, మోసంతో తినిపించిన దానిమ్మ గింజకూ దూరం ఎంత? నాయకుడు చివరికి మంచివాడని తేలడం వల్ల మొదటి బంధనం సమర్థనీయం కాదు. సమ్మతిని కథకు ఇరుసుగా చేసుకున్న నవల, అదే సమ్మతి విషయంలో తడబడే చోటును గుర్తించడం విమర్శకుల పని.

న్యూజిలాండ్ చిత్రకారిణి రేచల్ స్మైత్ 2018లో వెబ్‌టూన్ వేదికపై ప్రారంభించిన 'లోర్ ఒలింపస్' నవల కాదు, బొమ్మల కథ. అయినా ఇదే ధోరణికి చెందుతుంది. ఇందులో హింస మాయం కాలేదు, చోటు మారింది. పెర్సెఫోనీ మీద అత్యాచారం చేసేది అపోలో. హేడీస్ ఆమె మాటకు విలువ ఇచ్చేవాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలిపి, బలవంతానికీ ప్రేమకూ మధ్య గీత ఎక్కడుందో పాఠకులకు చూపిస్తుంది.

9.5 సైకీ గాథ: శ్రమపడే నాయిక

రెండో ముఖ్యమైన ఆధారం సైకీ గాథ. ఇది క్రీ.శ. 2వ శతాబ్దపు లాటిన్ రచయిత అపులియస్ కథనంలో మనకు పూర్తిగా దొరుకుతుంది. మానవకాంత సైకీ ప్రతి రాత్రి చీకట్లో వచ్చే భర్త ముఖం చూడకూడదు. ఒక రాత్రి దీపం పట్టుకుని చూస్తుంది. వేడి నూనె చుక్క పడి అతడు మేల్కొంటాడు. అతడు ప్రేమదేవుడు. ఆమెను విడిచి వెళ్లిపోతాడు. అతడిని తిరిగి పొందడానికి ఆమె అత్తగారైన వీనస్ పెట్టిన కఠిన పరీక్షలకు లోనవుతుంది. కలిసిపోయిన ధాన్యాన్ని వేరుచేయడం మొదటిది. పాతాళానికి వెళ్లి రావడం చివరిది.

షెరిలిన్ కెన్యన్ 'డార్క్ హంటర్' నవలామాలికలో ఈ గాథ జాడ ఉంది. 2002లో వచ్చిన 'నైట్ ప్లెజర్స్' అందులో ఒకటి. అన్యాయంగా చంపబడిన ప్రాచీన యోధులు పగ తీర్చుకోవడానికి ఆర్టెమిస్ దేవతకు తమ ఆత్మలను అర్పించి, అమరులై, ఈనాటి న్యూ ఆర్లియన్స్ వంటి నగరాల్లో రాత్రివేళ మనుషులను కాపాడుతూ తిరుగుతుంటారు. వారికి ఆత్మ తిరిగి దక్కాలంటే, వారిని నిజంగా ప్రేమించినవారు ఆ ఆత్మ ఉన్న పతకాన్ని చేయి కాలుతున్నా వదలకుండా పట్టుకోవాలి.

ఇక్కడ రక్షించేది నాయిక. రెండువేల ఏళ్ల యోధుడు ఆమె చేతి పట్టు మీద ఆధారపడతాడు. సైకీ చేతిలోని దీపపు నూనె భర్తను కాల్చింది. కెన్యన్ నవలలో కాలేది నాయిక చేయి. పురాణం తెలిసిన పాఠకులకు ఈ పోలిక అదనపు ఆనందం ఇస్తుంది. తెలియనివారికి కూడా కథ అర్థమవుతుంది.

9.6 విమర్శకులు ఏమన్నారు?

జానిస్ రాడ్వే 1984లో వెలువరించిన 'రీడింగ్ ది రొమాన్స్' గ్రంథం కోసం ఒక చిన్న పట్టణంలోని పాఠకురాళ్లతో మాట్లాడింది. ఇంటిల్లిపాదినీ చూసుకునే ఆ స్త్రీలకు పుస్తకం పట్టుకుని కూర్చున్న సమయం ఒక్కటే తమ సొంతం. పైకి కఠినంగా కనిపించే నాయకుడు చివరికి నాయికను ఆదరించి లాలించడం వారికి ఇష్టం. అందరినీ చూసుకునే తమను కూడా ఒకరు చూసుకోవాలన్న కోరిక అందులో ఉంది. అయితే ఈ చదువు స్త్రీల అసంతృప్తిని వ్యక్తం చేస్తూనే, వారిని ఉన్న పరిస్థితితో రాజీపరుస్తుందని కూడా రాడ్వే హెచ్చరించింది.

పమేలా రెజిస్ 2003లో రొమాన్స్ నవలకు ఎనిమిది అంశాలు చెప్పింది. వాటిలో ఒకటి 'ఆచార మరణం'. అంటే కలయిక ఇక అసాధ్యమని అనిపించే ఘట్టం. సాధారణ ప్రేమ నవలలో అది ఒక తగాదా కావచ్చు, ఒక జబ్బు కావచ్చు. పెర్సెఫోనీ నవలలో నాయిక నిజంగానే మృతుల లోకంలో అడుగుపెడుతుంది. ఇతర నవలలు ఉపమానంగా చెప్పేదాన్ని ఈ నవలలు సంఘటనగా చూపుతాయి. గ్రీకు గాథ ఈ ప్రక్రియకు ఇంత చక్కగా అమరడానికి ఇది ఒక కారణం.

9.7 కథలో పోయినది ఏమిటి?

ఇప్పుడు 9.3లో గుర్తుంచుకోమన్న విషయానికి తిరిగి వద్దాం. మూలకావ్యం తల్లిది. లోకాన్నే ఎండగట్టి బిడ్డను రప్పించుకున్న తల్లి కథ అది. హేడీస్ ప్రేమికుడు కావాలంటే, కూతురు ఇష్టపడి పాతాళానికి వెళ్లాలి. ఇష్టపడి వెళితే తల్లి దుఃఖానికి ఆధారం ఉండదు. అందువల్ల 'ఎ టచ్ ఆఫ్ డార్క్‌నెస్' వంటి నవలల్లో డెమీటర్ కూతురికి ఊపిరాడనివ్వని, అడుగడుగునా కాపలా కాసే తల్లిగా మారింది. ప్రేమికుడి తప్పును కడగడానికి తల్లిని తప్పుపట్టవలసి వచ్చింది. తన అనుమతి లేకుండా బిడ్డను ఇచ్చేసిన తండ్రి జ్యూస్ మీద ఉండవలసిన నింద, అడ్డుపడిన స్త్రీ మీద పడింది.

ఇది తప్పనిసరి కాదు. కాస్ట్ నవలలో డెమీటరే కథను నడిపిస్తుంది. కార్టర్ నవలలో తల్లి మీద ప్రేమే కూతురిని పాతాళపు రాజు దగ్గరికి చేరుస్తుంది. ప్రేమికుడు, తల్లి ఇద్దరికీ ఒకే కథలో చోటుందని ఈ రెండూ నిరూపించాయి.

అయినా ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. పెళ్లి విషయంలో తమ మాట చెల్లుతుందో లేదో తెలియని యువతులు చాలామంది ఈ కథలు చదువుతారు. వారికి కాపలా కాసే తల్లి కల్పితపాత్రగా అనిపించదు. అడిగే ప్రేమికుడు ఎంత అపురూపమో, వినే తల్లి కూడా అంతే అపురూపం కావచ్చు. మీరు ఈ నవలల్లో ఒకటి చదివితే, నాయిక ఎవరిని ప్రేమించిందన్న ప్రశ్నతో ఆగకండి. ఆమెను ఎవరు అడిగారు, ఎవరు అడగలేదు, ఆ తప్పు చివరికి ఎవరి ఖాతాలో పడింది అని కూడా చూడండి.

9.8 సారాంశం

గ్రీకు గాథల్లో దేవతల కోరిక బలవంతంగా నెరవేరుతుంది. పారానార్మల్ రొమాన్స్ నవలలు ఆ బలాన్ని సమ్మతికి లోబరచి, నాయికకు ఎంచుకునే హక్కును, రక్షించే పాత్రను ఇచ్చాయి. ఆకర్షణకు మూలం అదే. అయితే కొన్ని నవలల్లో ఒప్పందం సమ్మతికి ముసుగుగా మిగిలింది. ఇంకా కొన్నింటిలో ప్రేమికుడి కోసం తల్లి పాత్ర కుంచించుకుపోయింది.

9.9 మీ ప్రగతిని పరిశీలించుకోండి

I. ఒకటి రెండు వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. డెమీటర్ స్తోత్రంలో పెర్సెఫోనీ వివాహానికి ఎవరు ఒప్పుకున్నారు?
2. పమేలా రెజిస్ చెప్పిన 'ఆచార మరణం' అంటే ఏమిటి?

II. పదిహేను వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. దానిమ్మ గింజ స్థానంలో ఆధునిక నవలలు ఒప్పందాన్ని ఎందుకు పెట్టాయి? అది ఎంతవరకు సఫలమైందో చర్చించండి.
2. డెమీటర్ పాత్రలో వచ్చిన మార్పును సోదాహరణంగా వివరించండి.

III. అభ్యాసం
మీకు తెలిసిన ఒక తెలుగు నవలలో గాని, సినిమాలో గాని దేవలోకపు వ్యక్తికీ మానవులకూ మధ్య ప్రేమకథను తీసుకోండి. అందులో ఎవరి సమ్మతి అడిగారో, ఎవరి సమ్మతి అడగలేదో గుర్తించి ఒక పుట వ్యాసం రాయండి.